గాలి పరుపుకు బాపు ముడి

మా బాపు వడ్ల బస్తా మూతికి వేసే ముడి మా ఇంటివాళ్ళకు తప్ప ఇంకెవరికీ వచ్చేది కాదు. రెండు చుట్లు తిప్పి, మూడో చుట్టును కిందినుంచి తీసి, తాడు కొసను కనపడకుండా లోపలికి దోపేవాడు. విప్పడం ఎవరికైనా వస్తుంది. విప్పినవాడికి మళ్ళీ అదే ముడి వేయడం మాత్రం రాదు. కల్లంలో రాశి పోస్తే దాని మీద బూడిదతో ముద్ర వేసేవాడు. పొద్దున్నే గొంతుకూర్చుని, ఆ ముద్ర చెదిరిందా లేదా అని ఇటునుంచి ఓసారి, అటునుంచి ఓసారి చూసేవాడు. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో ఉన్న జీతగాణ్ణి పక్కన నిలబెట్టుకొనే చూసేవాడు.

"గింత గూడ నమ్మకం లేకుంటే నన్నెందుకు పెట్టుకున్నవ్ పటేలా?" అని అతను ఒకసారి అడిగితే, "నమ్మిన్రా. నమ్మినంకనే ముడేసిన," అన్నాడు బాపు.

మా అన్నదమ్ములకు పొలం వచ్చింది. నాకు ఆ ముడి వచ్చింది. దానితోనే నేను ఒక మనిషి బతుకును తెంపబోయాను. ఎన్నేళ్ళయినా ఆ సంగతి గుర్తొస్తే నాకు నా మీదే ఒళ్ళు మండుతుంది.

నర్సు ట్రైనింగ్ అయ్యాక నన్ను ఆసిఫాబాద్ అవతల ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి వేశారు. అప్పటికి డెబ్బైలు సగం గడిచాయి. నెలకు ఐదు రోజులు టూరు. టూరు అనగానే జీపు అనుకునేరు, కాళ్ళే. గుట్టల మధ్య గోండు గూడేలు. ఒక గూడెం నుంచి ఇంకో గూడేనికి నడవడం, పిల్లలకు టీకాలు వేయడం, కడుపుతో ఉన్నవాళ్ళను చూడడం, పొద్దుగూకిన చోట పడుకోవడం. బడి ఉంటే బడిలో, లేకపోతే గూడెం పటేలు ఇంటి వసారాలో.

నాకు తోడు ఒక ఆయమ్మ. నలభై దాటిన మనిషి, సన్నగా, బిరుసుగా ఉండేది. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అతను పోయాక క్వార్టరు ఖాళీ చేసి తల్లిగారింటికి వచ్చింది. ఆ గూడేల పక్కనే పుట్టింది కాబట్టి గోండి మాట బాగా వచ్చు. ఆరేళ్ళ నుంచి టెంపరరీ. ఆ ఏడాది పర్మినెంటు చేయడానికి డాక్టరు సారు పేర్లు రాసి పైకి పంపబోతున్నారు. తనతో టూరు తిరిగే నర్సు మంచిమాట చెబితే ఆయమ్మ పేరు పైకి పోతుంది. చెడ్డమాట చెబితే ఉన్న పని కూడా ఊడుతుంది. అంటే నా నోట్లో ఉంది ఆమె అన్నం. నాకప్పటికి ఇరవై మూడేళ్ళు.

ఆయమ్మ మీద నాకు మొదటి రోజే అనుమానం పుట్టింది. గూడెం ఆడవాళ్ళతో గోండిలో ఏదో అనేది. వాళ్ళంతా నా వైపు చూసి నవ్వేవాళ్ళు. "ఏమన్నవ్?" అంటే, "సూది నొయ్యది అని చెప్పిన సిస్టరమ్మా," అనేది. సూది నొయ్యకపోతే అందులో నవ్వడానికేముంది? ఇట్లాంటివి నేను మనసులో ఒక్కొక్కటే దాచి పెట్టుకునేదాన్ని.

ఇక అసలు బాధ పడక. పగలంతా నడిచిన నడుము రాత్రి కాస్త మెత్తదనం అడుగుతుంది. మోయాల్సింది కూడా అదే నడుము. మోస్తే బరువు కాకూడదు, పరిస్తే నేల తెలియకూడదు. ఈ రెండూ కుదిరే వస్తువు కోసం నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

మొదట తుంగచాప తీసుకుపోయాను. చంకలో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. అయితే దాని మీద పడుకున్నా పడుకున్నట్టు ఉండదు. కింద ఉన్న ప్రతి గులకరాయీ వీపుకు పరిచయమవుతుంది. తరువాతి నెల అవ్వ, అంటే మా అమ్మ, కుట్టిన బొంత తీసుకుపోయాను. పాత చీరలు నాలుగు పొరలు వేసి కుట్టింది, వెచ్చగా ఉంది. వాగు దాటుతుంటే ఒక కొస నీళ్ళలో పడింది, అంతే, మూడు రోజులైనా ఆరలేదు. తడిసిన బొంతను మోయడమంటే చూడి బర్రెను మోసినట్టే. పైగా అందులో నల్లులు చేరాయని నాకు అనుమానం. మా అవ్వ కుట్టిందే, అయినా పొద్దునా సాయంత్రం దులిపి చూశాను. ఒక్కటీ దొరకలేదు. దొరకకపోయేసరికి, ఎక్కడో దాక్కున్నాయని ఇంకా అనుమానం పెరిగింది.

ఆదిలాబాద్‌లో పత్తికి కొదవా, పలుచటి దూదిపరుపు కుట్టిద్దామని ఒక పరుపుల ఆయన దగ్గరికి వెళ్ళాను. "మిల్లు కెళ్ళి నిన్ననే తెచ్చిన కొత్త దూది," అన్నాడు. మా వైపు ఎవరైనా చనిపోతే వాళ్ళ పక్కబట్టలు ఊరి బయట పారేస్తారు. పారేసిన పరుపులు అక్కడే ఉంటాయా, ఎవరైనా ఏరుకొచ్చి దూది తీస్తారా, ఎవరు చూశారు? ఆ మాట బయటికి అనకుండా, కుట్టి పెట్టిన ఒక పరుపు చూపించి మూల విప్పమన్నాను. విప్పాడు. తెల్లగానే ఉంది. ఇంకో మూల విప్పమన్నాను. అప్పుడతను మరాఠీలో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు గానీ దీవెన మాత్రం కాదు. నేను వచ్చేశాను.

ఆయమ్మకు ఈ గొడవలేవీ లేవు. ఆమెకు ఒకటే గొంగడి. చలికి కప్పుకునేది, వానకు తల మీదినుంచి ముసుగులా కొప్పెర పెట్టుకునేది, ఎండలో మడిచి నెత్తిన వేసుకుంటే మందుల పెట్టెకు మెత్త. రాత్రి సగం కింద, సగం పైన. పడుకున్న మరుక్షణం గురక.

"గొంగడి కొనుక్కో సిస్టరమ్మా. దాని మీదికి తేలెక్కది, పామెక్కది. నీకు ఫికరే ఉండది," అనేది.

"గరుకు. నా ఒంటికి పడది."

"రెండు దినాలు గరుకుంటది. మూడో దినం నీ ఒళ్ళే అలవాటు చేసుకుంటది. మా ఎరికైన కురుమాయన ఉన్నడు, మంచిది నేసిస్తడు."

ఎరికైనవాడు ఉన్నాడనగానే నాకు సంగతి అర్థమయింది. నాతో కొనిపించి ఈమె ఎంతో కొంత దండుకుంటుంది. ఇక జన్మలో గొంగడి కొనకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

దీపావళి సెలవుకు ఇంటికి పోతూ కరీంనగర్‌లో దిగినప్పుడు, బస్టాండు దగ్గర మిలిటరీ సామాన్లు అమ్మే ఒక కొట్టు కనబడింది. పాత బూట్లు, నీళ్ళ సీసాలు, ఖాకీ సంచులు. వాటి మధ్య చుట్ట చుట్టి పెట్టిన గాలి పరుపు ఒకటి. రబ్బరు పూసిన ఖాకీ గుడ్డ. ఒక మూల చిన్న గొట్టం, దానికి బిరడా. చుట్టినప్పుడు రెండు జొన్నరొట్టెలు చుట్టినంత ఉంటుంది. ఊదితే మనిషి పొడుగు.

"మిలిటరీ మాల్ అమ్మా. ఏనుగు పండుకున్నా పల్గది," అన్నాడు కొట్టాయన.

"ఏనుగు ముచ్చట ఎందుకు, నువ్వు పండుకో," అన్నాను.

నవ్వాడు. నేను నవ్వలేదు. చివరికి అతనే ఊది, కొట్టు ముందర పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాడు. దారినపోయేవాళ్ళు నిలబడి చూశారు. అంతటితో వదల్లేదు నేను. పక్కనే సైకిల్ షాపులో పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి ఉంది. పరుపును ఒక్కొక్క మూలా అందులో ముంచి, బుడగలు వస్తాయేమోనని గుడ్లప్పగించి చూశాను. ఒక్క బుడగ రాలేదు. "ఇగ సంతోషమేనా? నా పెండ్లికి గూడ ఇంత ఇంక్వైరీ చేయలే," అన్నాడు కొట్టాయన. కొన్నాను. అయినా ఇంటికి పోయాక మా బావి గాబులో ఇంకోసారి ముంచి చూశాను.

కార్తీకంలో దానితో మొదటి టూరు. సాయంత్రం ఊదడం మొదలుపెట్టాను. సగం నిండేసరికి నాకు కళ్ళు బైర్లు కమ్మి గోడ పట్టుకున్నాను. ఆయమ్మ వచ్చి నా చేతిలోంచి గొట్టం లాక్కుంది. జీవితమంతా తడికట్టెల పొయ్యి ఊదిన మనిషి. పది నిమిషాల్లో పరుపు డప్పులా బిగిసింది.

"గాలి మీద పండుకునుడేంది? రాత్రి అటిటు దొర్లితే పడవా?" అంది.

"ఊదుడు వరకే నీ పని," అన్నాను.

ఆ రాత్రి స్వర్గం. తెల్లవారేసరికి కొంచెం మెత్తబడింది, పట్టించుకోలేదు. మార్గశిరంలో ఇంకా మెత్తబడింది, తుంటి నేలకు తగిలింది. పుష్యంలో పోయిన టూరులో మొదటి రాత్రి మరీ ఘోరం. కోడికూతకు ముందే వీపు మొత్తం నేల మీద ఉంది. పరుపు ముసలావు పొదుగులా వేలాడుతోంది. నడుము పట్టేసింది. ఆ రోజంతా ఆయమ్మను రాచి రంపాన పెట్టాను. నడిస్తే నెమ్మదిగా నడుస్తున్నావన్నాను, నీళ్ళు తెస్తే ఆలస్యంగా తెచ్చావన్నాను. ఆమె ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చెప్పకపోవడం నాకు తప్పుచేసిన మనిషి లక్షణంలా కనిపించింది.

మధ్యాహ్నం వాగు దగ్గర ఆగినప్పుడు, సందు చూసుకొని పరుపును కొంచెం ఊది నీళ్ళలో ముంచి చూశాను. బుడగ లేదు. రబ్బరు మంచిది, కుట్టు మంచిది, బిరడా గట్టిది. గాలి తనంతట తాను పోదు. మరి ఎవరు తీస్తున్నారు? వసారాలో పడుకునేది ఇద్దరమే. అందులో ఒకరిని నేను.

కారణం కూడా నాకు దొరికింది. గొంగడి కొనలేదన్న కడుపుమంట. గాలి పరుపు పనికిరాదని తేలితే ఎట్లాగూ కురుమాయన దగ్గరికే రావాలి. ఇంత తెలివిగా ఆలోచించానని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

ఆ సాయంత్రం ఇంకో గూడెం చేరాం. పటేలు ఇంటి వసారాలో ఆయమ్మ పరుపు ఊదింది. ఆమె నెగడి దగ్గరికి పోగానే, నేను సంచిలోంచి నల్లదారం తీసి బిరడాకూ గొట్టానికీ కలిపి కట్టాను. రెండు చుట్లు, మూడోది కిందినుంచి, కొస లోపలికి. బాపు ముడి. ఇక ఎవరు ముట్టుకున్నా నాకు తెలుస్తుందని ధైర్యంగా పడుకున్నాను.

మొదటి కోడి కూసినప్పుడు మెలకువ వచ్చింది. బుస్సుమని చప్పుడు. పామనుకొని కాళ్ళు ముడుచుకున్నాను. కళ్ళు తెరిస్తే, నెగడిలో మిగిలిన నిప్పుల వెలుగులో, నా కాళ్ళ దగ్గర ఆయమ్మ. చేతిలో గొట్టం. దారం తెగి ఆమె ఒళ్ళో పడి ఉంది.

"దొరికినవ్!" అని అరిచి ఒక్క ఉదుటున లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ గుంజుకోవడంలో గొట్టం ఆమె చేతిలోంచి జారింది. నేను కింద పడ్డ బరువుకు పరుపులో మిగిలిన గాలంతా ఒక్కసారి బయటికి పోయింది.

"అయ్యో, ఊదుతున్న సిస్టరమ్మా. మెత్తగైందని ఊదుతున్న," అంది.

"ఊదుతున్నవా? మరి బుస్సుమన్నదేంది?"

"బిరడా తీస్తే బుస్సుమనదా? నోరు పెట్టేదాక పోతది గదా."

"దారమెందుకు తెంపినవ్?"

"ఎవలు కట్టిన్రో నాకేమెరుక? బిరడా ఊడొస్తలేదని తెంపిన. నిన్నంత నన్ను పీక్క తిన్నవ్. నువ్వు సక్కగ పండుకుంటెనన్న తెల్లారి నాకు సుఖముంటదని లేచిన. నీ కోసం గాదు, నా కోసమే లేచిన."

ఆ మాట ఎంత నిజంలా ఉందో చూడండి. అంత నిజంలా ఉందనే నమ్మలేదు నేను. అప్పటికప్పుడు ఇంత చక్కగా అతికే జవాబు చెప్పిందంటే ముందే తయారు చేసి పెట్టుకొని ఉంటుందనుకున్నాను. లోపలినుంచి పటేలు భార్య లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె ముందర కూడా, "దొంగముండా," అన్నాను. వయసులో మా అవ్వంత మనిషిని. ఆయమ్మ ముఖం మాడిపోయింది. గొంగడి నెత్తిమీదికి లాక్కొని అటు తిరిగి కూర్చుంది.

తెల్లారగానే డాక్టరు సారుకు కాగితం రాశాను. ఈమె నమ్మదగిన మనిషి కాదని, ప్రభుత్వ సామానూ నా సామానూ పాడుచేస్తోందని, ఇలాంటి మనిషిని పర్మినెంటు చేయకూడదని, నాకు వేరే మనిషిని ఇవ్వాలని. ప్రభుత్వ సామాను ఆమె ఏం పాడుచేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. రాస్తున్నప్పుడు చేతికి అలా వచ్చింది. కవరులో పెట్టి, అన్నం మెతుకులతో అతికించి, అతుకు మీద సగం ఇటూ సగం అటూ పడేలా సంతకం పెట్టాను. విప్పితే తెలియాలి కదా.

తీసుకుపోయి ఇవ్వడానికి మనిషి కావాలి. ఇంకెవరున్నారు? ఆయమ్మనే పిలిచాను.

"దూది, స్పిరిట్ అయిపోవస్తున్నయ్. గీ కాయితం సారు చేతిల పెట్టు," అన్నాను.

ఆమె కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు అక్షరం రాదు. "సారు చేతిలనే పెట్టాల్నా?" అని అడిగింది. "లేకుంటే బల్ల మీద పెట్టు," అన్నాను. కవరు నడుములో దోపుకొని, గొంగడి భుజాన వేసుకొని వెళ్ళిపోయింది. పన్నెండు మైళ్ళు. ఆమె పని ఊడగొట్టే కాగితాన్ని ఆమె చేతే మోయించాను. ఆ పొద్దున అది నాకు తప్పనిపించలేదు, తెలివి అనిపించింది.

ఆ రోజు గూడెంలో నా దగ్గరికి ఒక్క ఆడమనిషి రాలేదు. ఇళ్ళ ముందుకు పోతే లోపలికి పోయారు. నా తెలుగు వాళ్ళకు రాదు, వాళ్ళ గోండి నాకు రాదు. ఒక నిండు చూలాలు వాకిట్లో కూర్చొని ఉంటే, పొట్ట చూస్తానని సైగ చేశాను. ఆమె నా చేతుల వైపు చూసి, ఆయమ్మ పోయిన దారి వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. పొద్దున నా అరుపులు గూడెమంతా విన్నది మరి.

సాయంత్రం పరుపు నేనే ఊదుకున్నాను. అరగంట పట్టింది, చెవులు గుయ్యిమన్నాయి. బిరడా బిగించి మళ్ళీ బాపు ముడి వేశాను. పటేలు భార్య ధాన్యం పెట్టుకునే చిన్న గది చూపిస్తే అందులో పడుకున్నాను. లోపలి గడియ పెట్టాను. గడియ సరిగ్గా పడిందా లేదా అని రెండుసార్లు లేచి చూశాను. ఈ రాత్రి పరుపు బిగువుగా ఉంటుంది, నా మాట రుజువవుతుంది అనుకుంటూ నిద్రపోయాను.

తెల్లవారుజామున నా వీపు నేల మీద ఉంది.

మెల్లగా చేత్తో తడిమాను. పరుపు మెత్తగా, చల్లగా, జారుడుగా ఉంది. గడియ వేసినట్టే ఉంది. అగ్గిపుల్ల గీసి దారం చూశాను. రెండు చుట్లు, మూడోది కిందినుంచి, కొస లోపల. బాపు వచ్చి చూసినా తప్పు పట్టలేని ముడి.

పొద్దెక్కగానే వాగుకు పోయి పరుపును నీళ్ళలో అదిమి పట్టుకున్నాను. నీళ్ళు మంచులా ఉన్నాయి, వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఈసారి బుడగ రావాలని కోరుకున్నాను. ఎక్కడో ఒక చిన్న చిల్లు ఉంటే బాగుండునని. చిల్లుంటే కొట్టాయన దొంగ, నేను మోసపోయినదాన్ని, అంతే. ఒక్క బుడగ రాలేదు. విసుగొచ్చి దాన్ని తీసి ఒడ్డున బండ మీద ఎండలో పడేశాను. పక్కనే మోకాళ్ళ మీద తల పెట్టుకొని కూర్చున్నాను.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎండ వీపుకు చురుక్కుమన్నప్పుడు తలెత్తి చూస్తే, పరుపు లేచి ఉంది. ముడతలు పోయి, మూలలు నిగుడుకొని, డప్పులా బిగిసి ఉంది. ఎవరూ ఊదలేదు. ముడి ముడిలాగే ఉంది. చెయ్యి పెట్టి చూస్తే వెచ్చగా ఉంది.

నేను చదువుకున్నదాన్ని. వేడికి గాలి ఉబ్బుతుందని, చలికి ముడుచుకుంటుందని బడిలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. వెచ్చటి ఊపిరితో నింపిన పరుపు పుష్యమాసం చలిలో కుంగిపోతుందని, చలి ముదిరేకొద్దీ ఎక్కువ కుంగుతుందని తట్టలేదు. కార్తీకం కంటే మార్గశిరం, మార్గశిరం కంటే పుష్యం అని వేళ్ళు మడిచి లెక్క పెట్టినట్టు కళ్ళ ముందు కనబడుతున్నా, నాకు మనిషే కనబడింది. ఆయమ్మ తెల్లవారుజామున, ఎముకలు కొరికే చలిలో లేచి, నిజంగానే ఊదుతోందన్నమాట.

తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే కాగితం గుర్తొచ్చింది. నిన్న సాయంత్రమే చేరి ఉంటుంది. సారు చదివి ఉంటే? చదివి, రేపటి నుంచి రావద్దని ఉంటే?

పరుపు చుట్ట చుట్టడానికి కూడా ఆగలేదు. గాలి తీసి మెడ మీద వేసుకొని, మందుల పెట్టె నెత్తిన పెట్టుకొని నడిచాను. అంతకు ముందెప్పుడూ ఆ పెట్టె నేను నెత్తికెత్తుకోలేదు, అది ఆయమ్మ పని. మెత్త లేకుండా పెట్టె అంచు మాడును కోసేసింది. గొంగడి మడత విలువ మొదటి మైలులోనే తెలిసింది. దారి పొడుగునా, సారు ఊళ్ళో లేకుండా చూడు తండ్రీ అని మొక్కుకుంటూ పోయాను.

పొద్దు వాలేసరికి చేరాను. ఆయమ్మ ఆస్పత్రి అరుగు మీద గొంగడి పరుచుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"సారున్నడా?" అన్నాను ఆయాసంతో.

"ఆదిలాబాద్‌ల మీటింగట. మొన్ననే పోయిండు. సాయంత్రం బస్సుకు వస్తడట."

నా మొక్కు ఫలించింది. పెట్టె అరుగు మీద పడేసి లోపలికి పరుగెత్తాను. సారు బల్ల మీద, గాజుగుండు కింద నా కవరు ఉంది. తీసుకున్నాను. అమ్మయ్య అనుకొని అతుకు వైపు చూశాను. నా సంతకం పైసగం ఒక చోట, కిందిసగం ఒక చోట ఉన్నాయి. ఎవరో విప్పి, మళ్ళీ అతికించారు.

అప్పుడు కూడా నాకు ముందు వచ్చింది సిగ్గు కాదు, కోపమే. బయటికి వచ్చి కవరు ఆమె ముందర పట్టుకున్నాను.

"విప్పినవా?"

"విప్పిన," అంది, నా కళ్ళలోకి చూసి.

"ఎవలతోని సదివిచ్చినవ్?"

"దారిల బడిపంతులుతోని. దూది అయిపోలేదని నాకెరుక. పెట్టె సదిరింది నేనే గదా. రెండుసార్లు సదివిచ్చుకున్న."

దారిలో వాగు ఉంది. చింపి పారేస్తే అడిగేవాళ్ళు లేరు. పడిపోయిందంటే నేను చేసేదేమీ లేదు. ఆరేళ్ళ ఎదురుచూపు, ముందున్న బతుకంతా ఆ కవరులో ఉందని రెండుసార్లు విని కూడా, అన్నం మెతుకులు పెట్టి అతికించి తెచ్చి సారు బల్ల మీద పెట్టింది.

"మరి ఎందుకు పెట్టినవ్ ఆయమ్మా?" అన్నాను.

"పెట్టమన్నవు గదా. పెట్టకపోతే నువ్వు రాసింది నిజమైతుండె."

నేను ఆమె పక్కన అరుగు మీద కూలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కవరును ముక్కలు ముక్కలుగా చింపాను. పరుపు సంగతి చెప్పాను, ఎండలో అదే ఉబ్బిందని. "గాలి గదా, దానికి చలి పెట్టదా?" అంది, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు. తప్పయింది, క్షమించమన్నాను. ఆమె బస్సు వచ్చే దారి వైపు చూసింది.

బస్సు రావడానికి ఇంకా టైముంది. సంచిలోంచి కాగితం తీసి సారుకు ఇంకో ఉత్తరం రాశాను. ఈమె లేకపోతే గూడేల్లో నాకు ఒక్క తలుపు తెరుచుకోదని, నమ్మకానికి ఈమెను మించిన మనిషిని నేను చూడలేదని, పర్మినెంటు లిస్టులో మొదటి పేరు ఈమెదే ఉండాలని. రాసి ఆమెకు గట్టిగా చదివి వినిపించాను.

ఆయమ్మ మొత్తం విన్నది. విని చెయ్యి చాచింది. కాగితం తీసుకొని, మడిచి, నడుములో దోపుకొని లేచింది. గొంగడి దులిపి భుజాన వేసుకుంది.

"ఎటు పోతున్నవ్?" అన్నాను.

"ఈడ గూడ ఒక బడిపంతులు ఉన్నడు గద. జర సదివిచ్చుకొని వస్త," అంది.

ఆమె తిరిగి వచ్చేదాకా నేను ఆ అరుగు మీదే కూర్చున్నాను.